ముదురు రంగు చెక్క సామానుకి లేత రంగు వేయడం ఎలా: మరకలు పైకి రాకుండా, పెచ్చులు ఊడకుండా

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మా అత్తగారి డ్రెస్సింగ్ టేబుల్ డికాషన్ రంగులో ఉందండీ, ఐవరీ చేయొచ్చా?" "పెళ్ళికి పెట్టిన బీరువా గది మొత్తాన్నీ చీకటి చేస్తోంది, తెల్లగా మార్చొచ్చా?" హైదరాబాద్ ఫ్లాట్లలో బెడ్‌రూమ్ ఎంత ఉంటుందో, పక్క బిల్డింగ్ గోడ వైపు తెరుచుకునే కిటికీలోంచి ఎంత వెలుతురు వస్తుందో మనకి తెలిసిందే. ఈ కోరిక న్యాయమైనదే. అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పి అలసిపోయాను కాబట్టి మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ముందు నా నిర్వాకం చెప్తాను. నేను మొదట చేయి పెట్టింది మా అమ్మ టేకు పుస్తకాల అల్మారా మీద. శనివారం పైపైన రుద్దాను. ఆదివారం నీళ్ళ ప్రైమర్ ఒక కోటు, తెల్ల పెయింట్ రెండు కోట్లు. సాయంత్రానికి మల్లెపువ్వులా ఉంది, ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను కూడా. బుధవారానికి కణుపులున్న చోటల్లా లేత గులాబీ మరకలు తేలాయి. ఇంకో కోటు వేశాను. మళ్ళీ తేలాయి. ఇంకో కోటు, ఇంకో డబ్బా. పక్కింట్లో తలుపులకి పాలిష్ చేయడానికి వచ్చిన మేస్త్రీ ఒకాయన గుమ్మంలోంచే చూసి, "రంగు మీద రంగు ఎన్ని కొట్టినా ఆగదు అక్కా, కింద చప్డా కొట్టాలె" అని వెళ్ళిపోయాడు. చప్డా అంటే స్పిరిట్‌లో కరిగించి పూసే లక్క. డబ్బాలకి డబ్బాలు తగలేశాక తెలిసింది ఆ ఒక్క మాట.

చిన్నప్పుడు టేకాకు అరచేతిలో నలిపితే చేయి ఎర్రబడేది, గుర్తుందా? ఆకులో ఉన్నట్టే చెక్కలోనూ రంగు ఉంటుంది. తడి తగిలితే అది కదులుతుంది. నీళ్ళతో కలిపిన ప్రైమర్ వేస్తే టీ పొడిలో నీళ్ళు పోసినట్టే, రంగు దిగి పైకొస్తుంది. దానికి తోడు పాత పాలిష్‌లో కలిపిన ఎర్ర రంగు. పైన ముదురు రంగు వేస్తే ఇవేవీ కనపడవు. లేత రంగు వేస్తేనే బయటపడతాయి. అందుకే ఈ పనిలో పెయింట్ వేయడం చిన్న పని, దాని కింద వేసేది పెద్ద పని.

వేయొచ్చా, వద్దా?

జిట్రేగి (రోజ్‌వుడ్) సామానైతే వేయకండి. చెక్కడాలున్న పాత టేకు మంచం, కుర్చీ అయినా వేయకండి. పాలిష్ తీయించి లేత పాలిష్ వేయించుకోండి, లేదా అమ్మేయండి. ఒకసారి పెయింట్ పట్టించాక ఆ సందుల్లోంచి తీయడం నరకం. ప్లైవుడ్ మీద వెనీర్ (అతికించిన పలచటి చెక్క పొర), మామూలు టేకు, రబ్బర్‌వుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన పలక) లాంటివైతే నిస్సంకోచంగా వేసుకోవచ్చు. సన్‌మైకా కథ వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

మీ సామాను మీద ఉన్నది ఏ పాలిష్?

కనపడని చోట, అంటే వెనక కాలు మీదో టేబుల్ అడుగునో చూడాలి. దూదికి పాలిష్ వాళ్ళు వాడే స్పిరిట్ కొంచెం అద్ది పది సెకన్లు ఒత్తిపెట్టి రుద్దండి. జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే అది స్పిరిట్ పాలిష్. ఏమీ కాకపోతే ఇంకో దూదికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్, అంటే లాకర్ పాలిష్‌ని పలచబరిచే ద్రవం, అద్ది చూడండి. అప్పుడు మెత్తబడితే అది లాకర్ పాలిష్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ పాలిషో, పీయూ (పాలీయురేథేన్) పాలిషో అయి ఉంటుంది. ఈ పరీక్షకి రెండు నిమిషాలు పట్టదు కానీ చాలామంది చేయరు. పెయింట్ షాపులో కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్నే "దేని మీద వేస్తున్నరు మేడమ్?" అని. దానికి జవాబు లేకుండా వెళ్తే వాళ్ళకి తోచింది చేతిలో పెడతారు.

సామాను మీద ఇదివరకే పాత ఎనామెల్ పెయింట్ ఉంటే ఒక జాగ్రత్త. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పెయింట్‌ని పొడిగా రుద్ది దుమ్ము లేపకండి. తడిపి, వాటర్ పేపర్‌తో రుద్దండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దగ్గరికి రానివ్వకండి.

కావలసినవి

రెండు తలుపుల బీరువా, అంటే 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుందాం. ముందు భాగం, పక్కలు, పైభాగం, తలుపుల లోపలి వైపు కలిపి దాదాపు 66 చదరపు అడుగులు. ఒక లీటరు ఒక కోటుకి 100 చదరపు అడుగులు వస్తుందనుకుని కొనండి, చివర్లో తక్కువ పడదు.

- ఎమరీ పేపర్: 120, 220, 320 నంబర్లు, తలా నాలుగైదు షీట్లు. చుట్టి పట్టుకోవడానికి ఒక చెక్కముక్క
- చప్డా 200 గ్రాములు, స్పిరిట్ 2 లీటర్లు (ఒకటి చప్డాకి, ఇంకొకటి తుడవడానికి)
- తెల్ల వుడ్ ప్రైమర్, ఆయిల్ బేస్‌ది, లీటరున్నర
- ఎనామెల్ పెయింట్ 2 లీటర్లు
- ఆయిల్ ప్రైమర్‌కి టర్పెంటైన్ అర లీటరు
- చెక్క లప్పం, అది పూయడానికి చిన్న పట్టీ
- 2 అంగుళాల బ్రష్ ఒకటి, 4 అంగుళాల స్పాంజి రోలర్ రెండు, ట్రే
- ఎన్95 మాస్క్, చేతి తొడుగులు, మాస్కింగ్ టేప్, పాత దుప్పట్లు, నూలు గుడ్డలు
- వాషింగ్ సోడా

చప్డా అంటే లక్కతో చేసిన పలచటి రేకులు. వీధి చివరి పెయింట్ షాపులో దొరక్కపోవచ్చు. రాణిగంజ్, బేగంబజార్ వైపు పాలిష్ సామాన్లు అమ్మే దుకాణాల్లో అడగండి.

పెయింట్ ఏది తీసుకోవాలన్నదానికి నా ఓటు నీళ్ళతో కలిపే ఎనామెల్‌కే, అదీ సాటిన్ (తక్కువ మెరుపు) ఫినిష్‌లో. ఆయిల్ ఎనామెల్ గట్టిదే, కానీ తెలుపు, ఐవరీ రంగులు వెలుతురు తగలని చోట రానురాను పచ్చబడతాయి. బీరువా తలుపు లోపలి వైపు ముందుగా మారుతుంది. ఇక రంగు మాటకొస్తే పాలతెలుపు వద్దు. మన రోడ్ల దుమ్ముకి వారంలో మాసిపోతుంది. గంధం కలిసిన తెలుపో, లేత బూడిదో నయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే నెలల్లో అయితే పొద్దున 6 నుంచి 9 లోపే వేయండి. మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో బ్రష్ రెండోసారి తిప్పేలోపు ఎండిపోయి చారలు పడతాయి. జోరువానలు పడే రోజుల్లో చప్డా పాలు విరిగినట్టు తెల్లబడుతుంది, ప్రైమర్ ఎంతకీ ఆరదు. సంక్రాంతికి సిద్ధంగా ఉండాలంటే డిసెంబర్ మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. చప్డా ముందే నానబెట్టి ఉంచుకుంటే పని 5, 6 రోజులే. ఆ తర్వాత గట్టిపడటానికి మరో 3 వారాలు పడుతుంది.

పని మొదలు

1. విప్పండి. సొరుగులు, తలుపులు, హ్యాండిళ్ళు, బందులు అన్నీ. బందుల్ని మన కార్పెంటర్లు కబ్జాలంటారు. ఏ తలుపు బందులు ఆ తలుపువే, స్క్రూలతో సహా విడివిడి కవర్లలో వేసి "ఎడమ పై", "ఎడమ కింద" అని రాయండి. సొరుగుల అడుగున పెన్సిల్‌తో నంబర్ వేయండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, తిరిగి పెట్టేటప్పుడు ఒక్కటీ పట్టదు.

2. కడగండి. ఏళ్ళ తరబడి దసరాకి, ఉగాదికి కొబ్బరినూనె పూసి మెరిపించిన చెక్క ఇది. స్ప్రే పాలిష్ కొట్టిన వాళ్ళూ ఉంటారు. ఆ జిడ్డు మీద పెయింట్ నిలవదు, వేసిన చోట చేపకళ్ళలా గుంటలు పడి పక్కకి జరుగుతుంది. అర బకెట్ గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు వాషింగ్ సోడా కలిపి, గుడ్డ గట్టిగా పిండి తుడవండి. తర్వాత మంచినీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడవండి. నీళ్ళు కుమ్మరించకండి, వెనీర్ ఉబ్బుతుంది. పూర్తిగా ఆరాక స్పిరిట్ గుడ్డతో ఒకసారి. అడుగున స్పిరిట్ పాలిష్ ఉందని తేలితే మాత్రం ఈ చివరి తుడుపు వద్దు, దాని సంగతి 4లో ఉంది.

శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ బొట్లు పెట్టిన బీరువా అయితే సోడా తగలగానే పసుపు ఎర్రబడుతుంది, కంగారుపడకండి. ఆ మరక సబ్బుకి పోదు, స్పిరిట్‌కి పోతుంది. మిగిలింది ఒకరోజు ఎండలో పెడితే వెలిసిపోతుంది. అలాగే వదిలేస్తే మాత్రం తెల్ల పెయింట్‌లోంచి పచ్చగా తొంగిచూసే అవకాశం ఉంది.

3. చెదలు, పుచ్చు చూడండి. టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. ముందు మందు పట్టించండి, పెయింట్ సంగతి తర్వాత. పురుగు లేకపోతే కన్నాలకీ గీతలకీ లప్పం పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. లప్పం ఆరితే కుంగుతుంది, కాబట్టి కాస్త ఎత్తుగా పెట్టండి.

4. రుద్దండి. ఇక్కడే రెండు రకాల తప్పులు చూస్తుంటాను. కొందరు అసలు రుద్దరు, "రుద్దక్కర్లేదు" అని డబ్బా మీద రాసుందని. ఇంకొందరు చెక్క బయటపడేదాకా రుద్దుతారు. వెనీర్ కాగితమంత పలచగా ఉంటుంది, అరిగిపోతే కింద ప్లైవుడ్ గీతలు కనిపిస్తాయి, ఇక అతకడం కష్టం. మనకి కావలసింది మెరుపు పోవడం, అంతే. 120తో తేలిగ్గా, తర్వాత 220తో, చెక్క గీతలు ఎటు ఉంటే అటే.

ఎలా తెలుస్తుంది? కిటికీ దగ్గర వంగి ఏటవాలుగా చూడండి. ఎక్కడైనా నీటి చుక్కలా మెరుస్తోందంటే అక్కడ రుద్దలేదన్నమాట. తర్వాత అరచేయి పెట్టి కళ్ళు మూసుకుని నిమరండి. కంటికి కనపడని గరుకు చేతికి తెలుస్తుంది.

స్పిరిట్ పాలిష్ ఉన్న సామానైతే రుద్దడం కంటే కడిగేయడం మేలు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుని స్పిరిట్‌లో ముంచి రుద్ది, కరిగిన పాలిష్‌ని వెంటనే గుడ్డతో తీసేయండి. గుడ్డలు చాలా పోతాయి, స్పిరిట్ ఇంకో లీటరు కొనాల్సి వస్తుంది. కానీ ఆ ఎర్ర రంగులో ముప్పాతిక వంతు ఇక్కడే వదిలిపోతుంది. ఆరాక 220తో ఒకసారి తేలిగ్గా రుద్దితే చాలు.

స్పిరిట్, థిన్నర్ వాడినంతసేపూ కిటికీలు తెరిచి ఉంచండి. ఆ గదిలో అగరుబత్తి, దీపం, సిగరెట్ ఏదీ వద్దు. దేవుడి గూడు ఆ గదిలోనే ఉంటే ఆ పూట దీపం ఇంకోచోట పెట్టుకోండి.

5. చప్డా కొట్టండి. మేస్త్రీ చెప్పింది ఇదే. లీటరు స్పిరిట్‌లో 200 గ్రాముల రేకులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలోనో గాజు సీసాలోనో మూతపెట్టి ఒక రాత్రి నాననివ్వండి. మధ్యలో రెండు మూడు సార్లు కదపండి. అంతా కరిగాక ఇంకో రెండు రోజులు కదపకుండా ఉంచితే మైనం అడుగున గంజిలా చేరుతుంది. పైన తేరిన ద్రవాన్ని మాత్రమే వంచుకుని వాడండి. ఆ మైనం కలిస్తే పైన వేసే కోట్లు గట్టిగా పట్టవు.

బ్రష్‌తో పలచగా, పొడుగ్గా ఒక్క గీత గీయండి, పక్క గీతకి వెళ్ళిపోండి. వేసినచోటే మళ్ళీ మళ్ళీ తిప్పితే కింద మిగిలిన పాత పాలిష్ కరిగి రంగు పైకి లేస్తుంది. గంట తర్వాత రెండో కోటు. కణుపుల మీద, చెక్క కోసిన అంచుల మీద మూడోది కూడా వేయండి. తేనెరంగులో కనిపిస్తుంది, ఫర్వాలేదు, ప్రైమర్ కప్పేస్తుంది. మర్నాడు 320తో పైపైన రుద్ది దుమ్ము తుడవండి.

ఇంత శ్రమ వద్దనుకునేవాళ్ళు షెల్లాక్ (అంటే చప్డానే) బేస్ ప్రైమర్ దొరికితే తెచ్చుకోవచ్చు. ఖరీదెక్కువ, పని మాత్రం అదే.

6. ప్రైమర్, ఆ తర్వాత ఆగడం. ఆయిల్ వుడ్ ప్రైమర్‌లో డబ్బా మీద రాసినంతే టర్పెంటైన్ కలపండి. ఎన్‌సీ థిన్నర్ కలపకండి. ఒక పలచటి కోటు, ఒక రాత్రి ఆరాక 220తో తేలిగ్గా రుద్ది రెండో కోటు. ప్రైమర్ వేశాక ఎక్కడో ఒకచోట ముదురు రంగు కనపడుతూనే ఉంటుంది. దాన్ని కప్పేయాలన్న ఆత్రంలో మందంగా పూయకండి. మందంగా వేసింది పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ఇప్పుడు 24 గంటలు, వీలైతే 48 గంటలు ఏమీ చేయకండి. తర్వాత పగటి వెలుతురులో ప్రతి పలకా చూడండి. పసుపు, గులాబీ, గోధుమ రంగు మచ్చ ఎక్కడైనా తేలిందా? తేలితే ఆ మచ్చ మీద చప్డా ఇంకో రెండు కోట్లు, దాని మీద మళ్ళీ ప్రైమర్, మళ్ళీ ఒకరోజు. ప్రైమర్ మీద ఆగని మచ్చ పెయింట్ మీద ఆగుతుందనుకోవడం నేను చేసిన తప్పు, మీరు చేయకండి.

7. పెయింట్. ఫ్యాన్ ఆపండి. నేల మీద తడిగుడ్డ వేయండి, దుమ్ము లేవదు. పెయింట్‌ని పాత నైలాన్ మేజోడులో వడకట్టుకోండి, డబ్బా అంచున ఎండిన పొరలు అందులో ఆగిపోతాయి. మూలలు, చెక్కడాలు బ్రష్‌తో, వెడల్పు పలకలు రోలర్‌తో. తలుపు అయితే మధ్య పలక ముందు, చుట్టూ ఫ్రేమ్ తర్వాత, అంచులు చివర. తలుపుని నేలమీద రెండు ఇటుకలమీద పరిచి వేస్తే పెయింట్ కారదు.

ముదురు రంగు మీద లేత రంగుకి రెండు కోట్లు చాలవు, మూడు పడతాయి. నీళ్ళ ఎనామెల్ అయితే కోటుకీ కోటుకీ మధ్య కనీసం 4 గంటలు, ఆయిల్ అయితే ఒక రాత్రి. మధ్యలో 320తో ఒక్కసారి నిమిరినట్టు రుద్ది తుడవండి. కారిన ధార కనిపిస్తే తడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో సరిచేయండి. సగం ఆరినదాన్ని ముట్టుకోకండి, పూర్తిగా ఎండాక రుద్దడమే దారి.

సొరుగు పక్కలకీ, అది జారే పట్టీలకీ పెయింట్ వేయకండి. బిగుసుకుపోయి, లాగినప్పుడల్లా గీసుకుంటుంది. అక్కడ కొవ్వొత్తి ముక్క రుద్దండి, వెన్నలా జారుతుంది.

టర్పెంటైన్ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆయిల్ ప్రైమర్ అంటిన గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బాల్కనీలో విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.

8. పరీక్ష. చివరి కోటు వేసిన వారానికి కనపడని చోట గోరుతో గట్టిగా గీయండి. గీత పడొచ్చు, పొర లేవకూడదు. ఇంకొంచెం నమ్మకం కావాలంటే బ్లేడుతో చిన్న ఇంటూ గుర్తు కోసి, దానిమీద టేప్ గట్టిగా అంటించి ఒక్క లాగు లాగండి. టేప్‌తో పాటు పెచ్చు వచ్చిందంటే అడుగున ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. పెచ్చు వెనక వైపు చూడండి. అక్కడ ప్రైమర్ కూడా వచ్చి, బయటపడ్డ పాత పాలిష్ మెరుస్తోంటే జిడ్డో, రుద్దని మెరుపో మిగిలింది, తప్పు 2లోనో 4లోనో జరిగింది. పెయింట్ మాత్రమే వచ్చి ప్రైమర్ నిలిచి ఉంటే ప్రైమర్ సరిగా ఆరకముందే పెయింట్ వేసి ఉంటారు.

9. బిగించండి, కానీ వాడకండి. తలుపులు, హ్యాండిళ్ళు రెండు మూడు రోజుల తర్వాత బిగించుకోవచ్చు. అరల్లో బట్టలు పెట్టడం, పైన అద్దం పరచడం, ఫ్లవర్‌వాజ్ పెట్టడం 3 వారాల తర్వాతే. అరల్లో న్యూస్‌పేపర్ పరచడం మనకి అలవాటు. పచ్చి పెయింట్‌కి అది అతుక్కుని ఆ రోజు వార్తలు అక్కడే అచ్చవుతాయి. రెక్సిన్ గుడ్డ అయితే ఇంకా ఘోరం. తలుపు ఫ్రేమ్‌కి అతుక్కోకుండా మూలల్లో చిన్న ఫెల్ట్ ముక్కలు అంటించండి.

ముడతలు పడితే

పెయింట్ వేసిన కొద్ది నిమిషాల్లోనే ముసలి చర్మంలా ముడతలు తేలితే, పాత ఆయిల్ ఎనామెల్ మీద మీరు ఎన్‌సీ రకం ఏదో వేశారు. థిన్నర్ అడుగు పొరని లేపేసింది. దానిమీద ఇంకేం వేసినా లాభం లేదు. ఆరనిచ్చి, గీకి, మళ్ళీ 4 నుంచి మొదలుపెట్టాలి.

సన్‌మైకా ఉంటే

మరకలు రావు, కాబట్టి చప్డా అక్కర్లేదు. సమస్య పట్టుకోకపోవడమే. మామూలు వుడ్ ప్రైమర్ దానిమీద గోరుకి లేచిపోతుంది. 180, 220తో మెరుపు మొత్తం పోయేలా రుద్ది, నున్నటి పైభాగాలకి పట్టే ప్రైమర్ అడిగి తీసుకోండి. దాన్ని అరచేయంత చోట వేసి, మూడు రోజులాగి టేప్ పరీక్ష చేశాకే మిగతాది మొదలుపెట్టండి. అంచులు లేచిన సన్‌మైకాని ముందు రబ్బరు గమ్‌తో అతికించి రాత్రంతా బరువు పెట్టండి. కిచెన్‌లో గ్యాస్ స్టవ్ పక్కనున్న తలుపులకైతే నేను ఈ పని చేయమని చెప్పను. ఆవిరి, పోపు నూనె, రోజూ తుడవడం కలిసి ఏడాదిలో పెచ్చులు లేపేస్తాయి. కొత్త సన్‌మైకా వేయించుకోవడమే నయం.

మిగిలిన పెయింట్‌ని ఖాళీ పచ్చడి సీసాలోకి అంచుదాకా పోసి, మూత గట్టిగా బిగించి, షేడ్ నంబర్, తేదీ రాసి ఆ బీరువాలోనే కింది అరలో పెట్టండి. తాళాల గుత్తి తగిలి గీతలు పడే చోట ఎప్పుడూ హ్యాండిల్ కిందే. ఆ నాలుగు చుక్కల కోసం మళ్ళీ లీటరు డబ్బా కొనక్కర్లేదు.